పని నేర్పువారెవరు?

గత జూన్ మాసమున నా పూర్వవిద్యార్థి యొకడు కళాశాలకు వచ్చి కాండక్టు సర్టిఫికెట్టు కావలెనని యడిగెను. బి.ఏ. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడైనవాడు. తరగతిలో వాడు పద్యము చదువుచున్నంతసేపు వెనుక బల్లలవారు సయితము మాటలు మాని వినెడివారు. ఆ సర్టిఫికెట్టును వానికి వ్రాసి యిచ్చుట అది మూడవ పర్యాయము. "పాతవి రెండూ ఏమయినాయిరా?" అని యడిగితిని. "రెండు కంపెనీల్లో తీసుకున్నారండి మాస్టారూ, తిరిగి ఇవ్వలేదు" అని సంచిలోనుండి ఒక ప్రకటన కాగితమును తీసి నా ముందుంచెను. గుమాస్తా పని, జీతము స్వల్పము. అర్హతల వరుసలో చిట్టచివర "రెండు సంవత్సరముల అనుభవము తప్పనిసరి" అని యున్నది.

"అనుభవం ఉంటేగాని పని ఇవ్వరట. ఎవరో ఒకరు పని ఇస్తేగదా మాస్టారూ అనుభవం వచ్చేది?"

పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి అయినగాని పిచ్చి కుదరదు అను సామెతను నేను పాతికేండ్లకు పైగా తరగతిలో చెప్పుచున్నాను. దానికింత చక్కని యుదాహరణము నాకెన్నడును తోచలేదు. సంతకము చేసి యిచ్చితిని గాని, వాని ప్రశ్నకు సమాధానము చెప్పలేకపోతిని. ఈ వ్యాసము వానికి నేను బాకీపడిన సమాధానమే.

"ఉద్యోగము" అను మాటకు మన పూర్వులెరిగిన యర్థము ప్రయత్నము, పూనిక. మహాభారతమున ఉద్యోగపర్వ మనగా యుద్ధప్రయత్నముల కథయే కాని ఎవరికో కొలువు దొరికిన కథ కాదు. ఆ మాట కాలక్రమమున నెలజీతముగా కుదించుకొనిపోయినది. నేటి నిరుద్యోగి ప్రయత్నము లేనివాడు కాడు, ప్రయత్నించి వేసారినవాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థయు ఢిల్లీలోని మానవాభివృద్ధి అధ్యయన సంస్థయు కలసి 2024లో వెలువరించిన నివేదికను చూచినచో ఉపాధ్యాయులమైన మనము తల వంచుకొనవలసి వచ్చును. 2022లో మన దేశమున చదువను వ్రాయను రాని యువజనులలో నిరుద్యోగులు నూటికి 3.4 మంది; పట్టభద్రులలో నూటికి 29.1 మంది! చదువు లేనివాడు పని లేక కూర్చుండినచో పూట గడవదు గనుక ఏదో యొక పనిలో చేరుననుట నిజమే. ఆ పని సుఖమైనదనియు కాదు. అయినను, మనము ఒక్కొక్క మెట్టే ఎక్కించిన కొలది పిల్లవాడు వీధి తలుపునకు దూరమగుచున్నాడేమో యను శంక నన్ను విడువదు.

ఇందు ప్రభుత్వము చేయవలసిన పని చాల కలదు. దానిని గూర్చి ప్రతిదినమును పత్రికలలో చదువుచున్నాము. వ్యాపార సంస్థలు చేయదగిన దేమి యను ప్రశ్నకు మాత్రము సాధారణముగా వినవచ్చు సమాధానము విరాళము. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము ఒక స్థాయిని మించిన కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకై వ్యయము చేయవలెను. ఆ ధనముతో మన పాఠశాలలకు బల్లలు, కంప్యూటర్లు వచ్చినవి, కాదనరాదు. అప్పుడప్పుడు ఉద్యోగమేళాలును జరుగుచున్నవి. వేలమంది వరుసలలో నిలుచుందురు. కొలదిమంది లోనికి పోవుదురు. అయితే వ్యాపారి యొద్ద మాత్రమే యుండి, ప్రభుత్వము వద్దను కళాశాల వద్దను లేని వస్తువొకటి కలదు. అది పని జరుగు చోటు. వస్తువు తయారగుటయు, తప్పు జరుగుటయు, దానిని సరిదిద్దుటయు, కొనువాడు కోపించుటయు కన్నులార చూడగల చోటు. ఆ చోటికి కుర్రవానిని రానిచ్చి పని నేర్పుటను మించి వ్యాపారి చేయగల సాయము లేదని నా యభిప్రాయము. మరి యెందుకు రానీయరు?

ఈ మాటనే బెజవాడ ఆటోనగరులో నాకు చిరకాలముగా తెలిసిన ఒక లేతు పనిషాపు యజమానిని అడిగితిని. ఆయన తాను పదునాలుగవ యేట చీపురు పట్టి ఒక మేస్త్రీ వద్ద చేరినవాడు. నట్టు బోల్టుల పేర్లు నేర్చుటకు ఆరు మాసములు, యంత్రమును తాకుటకు రెండేండ్లు పట్టినదట. మన పూర్వపు గురుకులవాసమునకు మిగిలిన చివరి రూపము ఆటోనగరేమో యని నాకనిపించును, తిట్లతో సహా.

ఆయన నవ్వి యిట్లనెను: "నేర్పడానికేం మాస్టారూ, నేర్పుతాం. రెండేళ్లు నా ఇనుము పాడుచేసి, నా టూల్సు విరగ్గొట్టి నేర్చుకుంటాడు. చెయ్యి తిరిగిందీ అనుకునేసరికి పక్క షాపువాడు రెండువేలు ఎక్కువిస్తానంటాడు. పోతాడు. నేను మళ్లీ చీపురు పట్టినవాడితో మొదలెట్టాలి. అందుకే నేనూ ఇప్పుడు పని వచ్చినవాడినే అడుగుతున్నా."

ఇందులో మోసము లేదు, లోభము లేదు. ఒక చిన్న వ్యాపారి లెక్క మాత్రమే కలదు. పెద్ద కంపెనీ ప్రకటనలోని "రెండు సంవత్సరముల అనుభవము" వెనుక నున్నదియు ఈ లెక్కయే. ఎవరికి వారు ఇతరులు నేర్పిన వానిని తీసికొనదలచినచో నేర్పువాడెవడును మిగులడు. నా శిష్యుని చేతిలోని కాగితమునకు మూలము ఈ భయమే. దీనికి సమాధానము చెప్పక వ్యాపారులకు ధర్మోపన్యాసము లిచ్చుట వ్యర్థము.

ఈ భయము అక్షరాల నిజమైన కథ యొకటి మన పొరుగుననే కలదు. ఒక సంస్థ ఎంతో శ్రమపడి పని నేర్పించినవారిలో ఇంచుమించు అందరును వెడలిపోయిరి. ఆ తరువాత ఏమి జరిగినదో చూడుడు.

బంగ్లాదేశము 1971లో స్వతంత్రమయినది. అంతకు ముందేడే ఘోరమైన తుఫాను, తరువాత యుద్ధము, 1974లో కరువు. విదేశములకు పంపదగిన సరకు ప్రధానముగా జనపనార. ఆ దేశమున ప్రభుత్వాధికారిగా నుండి స్వాతంత్ర్య సమరమున పాల్గొనిన నూరుల్ ఖాదరు అను నాయన 1977లో దేశ్ గార్మెంట్సు అను కంపెనీని స్థాపించెను. చొక్కాలు కుట్టి విదేశములకు అమ్మవలెనని సంకల్పము. సంకల్పము గొప్పదే కాని, విదేశపు దుకాణమునకు తగినట్లు చొక్కా కుట్టుట తెలిసినవారు అక్కడ అరుదు. మన వీధిలోని దర్జీకి చొక్కా మొత్తము కుట్టుట వచ్చును. కాని వేయి చొక్కాలకు ఒకే కొలత, ఒకే కుట్టు, ఒకే గడువు అను విద్య వేరు. ఒకరు కాలరు మాత్రమే, వేరొకరు కఫు మాత్రమే కుట్టుచు, ఎవరి ముందును పని గుట్టపడకుండ వరుసను నడపుట ఒక శాస్త్రము.

ఆ శాస్త్రము దక్షిణ కొరియాకు బాగుగా తెలియును. వారికి వేరొక చిక్కు కలదు. 1974లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ వస్త్ర ఒప్పందము ననుసరించి ధనిక దేశములు ఒక్కొక్క దేశము నుండి ఇన్ని దుస్తులకు మించి రానీయమని కోటాలు పెట్టినవి. కొరియాకు ఆ హద్దు అడ్డము వచ్చినది. చొక్కా ఎగుమతియే లేని బంగ్లాదేశమునకు ఆనాడు హద్దు లేదు. కనుక కొరియాలోని దేవూ అను మహాసంస్థ ఖాదరుతో ఒడంబడికకు వచ్చినది. యంత్రములను అమ్ముటయే కాక పని నేర్పుటకును అంగీకరించెను. 1979లో సుమారు 130 మంది యువజనులు, వారిలో కొందరు స్త్రీలు, చిట్టగాంగు నుండి కొరియాలోని పూసాను నగరమునకు పోయి, దేవూ వారి కర్మాగారములో ఆరు మాసములు ఉండిరి. ముస్లిము కుటుంబముల నుండి పెండ్లి కాని యువతులు సముద్రము దాటి పని నేర్చుటకు పోవుట ఆనాడు సామాన్యమైన సంగతి కాదు. వారికి కత్తిరింపు, కుట్టు, తనిఖీ, యంత్రముల మరమ్మత్తు మాత్రమే కాదు, సరకు తెప్పించుట, అమ్ముట మొదలగునవియు పరిచయమయినవి. తిరిగి వచ్చిన పిమ్మట 1980 ఏప్రిలులో చిట్టగాంగులో ఉత్పత్తి ప్రారంభమయినది.

తరువాత ఆటోనగరు యజమాని చెప్పినదే జరిగినది. ఆ 130 మందిలో 115 మంది 1980 దశకమున దేశ్ కంపెనీని విడిచిపోయిరి! కొందరు ఇతరుల కర్మాగారములలో పెద్ద పదవులలో చేరిరి. కొందరు స్వయముగా కర్మాగారములు పెట్టిరి. ఎక్కడికి పోయినను పూసానులో నేర్చిన విద్యను తమతో తీసికొనిపోయిరి. వారి వద్ద మరికొందరు, ఆ మరికొందరి వద్ద ఇంకను కొందరు నేర్చిరి. నేడు ఆ దేశపు ఎగుమతులలో అయిదింట నాలుగు వంతులకు పైగా తయారు దుస్తులే. ఆ పరిశ్రమలో సుమారు 40 లక్షల మంది పనిచేయుచున్నారు. వారిలో అధికభాగము స్త్రీలు.

నూరుల్ ఖాదరు మునిగిపోయెనా? లేదు. 1980లో దేశ్ కంపెనీ కుట్టినవి 43 వేల చొక్కాలు. 1987 నాటికి 23 లక్షలు. ఈ సంగతి చదివినప్పుడు నేను రెండవసారి లెక్క చూచుకొంటిని. పనివారు పోయినను కంపెనీ పెరుగుట ఎట్లు? కారణము మరీ గూఢమైనది కాదు. ఒక యూరిలో ఒక్కటే చొక్కాల కర్మాగారమున్నచో విదేశపు వర్తకుడు దానికొరకై అంత దూరము రాడు. నూరున్నచో వచ్చును. గుండీలవాడు, దారపువాడు, అట్టపెట్టెలవాడు, యంత్రము బాగుచేయువాడు ఆ యూరికే చేరుదురు. పనివాడు పోయినను పని తెలిసిన వేరొకడు పక్కవీధిలోనే దొరకును. ఆటోనగరు ఆటోనగరైనదియు ఇట్లే కదా.

అయితే నేర్పుట యొక్కటే ఇంత పని చేసెనని చెప్పుట అతిశయోక్తి. విదేశపు బట్టను సుంకము లేకుండ తెప్పించి, సర్కారు కనిపెట్టి యుండు గిడ్డంగిలో నుంచి, చొక్కాగా మార్చి మరల పంపివేయు సౌకర్యమును అక్కడి ప్రభుత్వము కల్పించినది. కొనుగోలుదారు ఆర్డరునకు సంబంధించిన బ్యాంకు పత్రమునే హామీగా గొని బ్యాంకులు బట్టకు అప్పిచ్చు పద్ధతియు వచ్చినది. చేతిలో సొమ్ము లేకున్నను పని తెలిసినవాడు కర్మాగారము పెట్టగలుగుట ఇందువలననే. ఆ 115 మందికి విద్య మాత్రముండి ఈ రెండును లేకపోయినచో ఎన్ని కర్మాగారములు లేచెడివో చెప్పజాలము.

ఈ కథకు చీకటి వైపును కలదు. పిల్లలకు పాఠము చెప్పువారు దానిని దాచరాదు. 2013 ఏప్రిల్ 24వ తేదీన ఢాకా సమీపమున సావారులో రాణా ప్లాజా యను ఎనిమిదంతస్తుల భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. ముందునాడే గోడలు పగిలినవి. క్రింది అంతస్తులోని బ్యాంకును దుకాణములును మూసివేసిరి. పై అంతస్తులలోని కుట్టుపనివారిని మాత్రము మరునాడుదయము లోనికి పిలిచిరి. ఆ తరువాతనే 200కు పైగా విదేశపు కంపెనీలు భవనముల భద్రతను గూర్చి న్యాయస్థానములలో చెల్లుబాటగు ఒడంబడికపై సంతకము చేసినవి. తాము కొను చొక్కా ఎట్టి కప్పు క్రింద కుట్టబడుచున్నదో చూచుటయు తమ బాధ్యతయే యని వారికి తోచుటకు అన్ని ప్రాణములు కావలసివచ్చినవి. ఇది పరదేశపు మాట యని మనము నిశ్చింతగా నుండరాదు. మన అచ్యుతాపురము ఆర్థిక మండలిలో 2022 జూన్, ఆగష్టు మాసములలో విషవాయువు సోకి దుస్తుల కర్మాగారములో పనిచేయు స్త్రీలు వందలకొలది ఆసుపత్రుల పాలైరి. ఉద్యోగమిచ్చితిమి గదా యను ఒక్క మాటతో యజమాని ఋణము తీరదు.

వేరొక లోపమును చెప్పవలెను. నా శిష్యునకు సంబంధించినది ఇదియే. చొక్కాల కర్మాగారము కొలది చదువుగల పల్లెపడుచులకు పని యిచ్చినది. కళాశాలలో చదివినవారికి అంతగా ఇయ్యలేదు. వారి చూపు ప్రభుత్వ కొలువులపైననే నిలిచినది. అక్కడ స్వాతంత్ర్య యోధుల సంతతికి నూటికి 30 కొలువులు ప్రత్యేకించు పద్ధతిని 2024 జూన్‌లో హైకోర్టు పునరుద్ధరించినది. విద్యార్థులు వీధులలోనికి వచ్చిరి. జులై 21న సుప్రీము కోర్టు ఆ భాగమును 5కు తగ్గించినను, అప్పటికే రక్తము చిందినది. ఆగష్టు 5న ప్రధానమంత్రి షేక్ హసీనా పదవి విడిచి దేశము దాటిపోయిరి. ఆ తిరుగుబాటునకు కారణములు పెక్కులు. కాని దాని మొదటి మాట కొలువు. ఒక దేశము లోకమునకంతటికి చొక్కాలు కుట్టుచుండియు తన పట్టభద్రులకు పని జరుగు చోటును చూపలేకపోయినది.

మన దేశమున చట్టము లేక కాదు. అప్రెంటిసుల చట్టము 1961 నాటిది. 2019లో సవరించిన నియమముల ప్రకారము 30 మంది, అంతకు మించి పనివారుగల సంస్థలు తమ పనివారి సంఖ్యలో నూటికి రెండున్నర మొదలు 15 వరకు అప్రెంటిసులను తీసికొనవలెను. 2016లో ప్రారంభమైన జాతీయ పథకము క్రింద స్టైపెండులో నాలుగవ వంతు, 1,500 రూపాయల వరకు, కేంద్రప్రభుత్వము భరించుట కేర్పాటయినది. 2024 జులైలో కేంద్ర బడ్జెటు దేశములోని 500 పెద్ద కంపెనీలలో అయిదేండ్లలో కోటిమందికి ఇంటర్న్‌షిప్పు అని ప్రకటించినది. అంకెలు ఘనముగానే యున్నవి.

ఇంటర్న్‌షిప్పు అనిన వెంటనే నాకొక చేదు జ్ఞాపకము వచ్చుచున్నది. ఆంధ్రప్రదేశములో 2020-21లో చేరినవారి నుండి డిగ్రీ విద్యార్థులకది నిర్బంధమయినది. ఉద్దేశము మంచిదే. నా పర్యవేక్షణకు వచ్చిన నివేదికలు ఒక యేడు పదునెనిమిది. వానిలో పదునొకండు ఒకే నివేదికకు నకళ్లు; ఒకదానిలో సంస్థ పేరు మార్చుటయు మరచిరి. పిల్లలను పిలిచి మందలించితిని. అందులో ఒక బాలిక కన్నీళ్లతో చెప్పినది: "మూడు చోట్ల అడిగానండి. కూచోవడానికి కుర్చీ లేదన్నారు. నాలుగో చోట సర్టిఫికెట్టు ఇస్తాం, రావద్దు అన్నారు." ఆ సంస్థ పేరు చెప్పను. దానికి సీలు కలదు, సంతకము కలదు, తారీకులు కలవు. ఆ బాలిక ఆ గుమ్మము లోపలికి ఒక్కనాడును పోలేదు. నేను మందలించవలసినది ఎవరినో నాకప్పుడు తెలిసినది. ఇక రెండవ విధమైన సంస్థలును కలవు. వారు లోనికి రానిత్తురు, కాని అప్రెంటిసు పేర చవుకగా చాకిరి చేయించుకొని, గడువు తీరగానే వేరొకనిని తెత్తురు. వాని చేత పెట్టెలు మోయింతురే కాని లెక్క చూపరు.

నేర్పుట యనగా వేరు. ఒక పని తెలిసిన మనిషి, తన పనిలో కొంత కాలమును వదలుకొని, పని తెలియని మనిషి ప్రక్కన నిలుచుట. దానికి ఖర్చగును. ఆ ఖర్చును లేతు షాపు ఒక్కటియే భరింపలేదు. ఒకే పేటలోని పది ఇరువది షాపులు కలసి ఒక మేస్త్రీకి జీతమిచ్చి కుర్రవాండ్రకు నేర్పించినచో, కుర్రవాడు ఒక షాపు విడిచి వేరొక షాపునకు పోయినను ఎవరి సొమ్మును పోదు. పెద్ద కంపెనీకి ఇంతటి చిక్కును లేదు. తనకు పదిమంది కావలసినప్పుడు ఇరువదిమందికి నేర్పి, మిగిలినవారిని తనకు విడిభాగములు చేసి యిచ్చు చిన్న కర్మాగారములకు పంపవచ్చును. అక్కడ పని బాగుపడినచో లాభము తనకే. జంషెడ్‌పూరు ఉక్కు కంపెనీ 1921లోనే తన యూరిలో సాంకేతిక శిక్షణాలయమును తెరచినది. వందయేండ్ల నాడు తట్టిన ఆలోచన నేడు తట్టకపోవుటకు కారణము కనబడదు. అప్రెంటిసనగా ఇనుము పని చేయువాడే యని తలచుటయు పొరపాటు. ఆసుపత్రిలో రోగుల వివరములు వ్రాయుట, గిడ్డంగిలో సరకు లెక్క, ముద్రణాలయములో అచ్చుతప్పులు దిద్దుట, ఇవన్నియు బి.ఏ. చదివినవాడు ఒక యేడాదిలో నేర్వగల పనులు. ఛందస్సులో గణములు లెక్కించినవానికి బిల్లులోని అంకెలు లెక్కించుట అసాధ్యము కాదు.

ఈ చొక్కాల కథను మొన్న ఆదివారము ఆటోనగరులో యజమానికి చెప్పితిని. ఆయన చేతులు తుడుచుకొనుచు అంతయు వినెను. తరువాత తన వద్ద నేర్చి పోయినవారిని వ్రేళ్లపై లెక్కించుట మొదలిడెను. ఏడుగురు. వారిలో ముగ్గురు ఆ వీధిలోనే షాపులు పెట్టిరి. "ఆ మూడోవాడి దగ్గర పెద్ద బోరింగు మిషనుంది మాస్టారూ. నా దగ్గర లేదు. పెద్ద పని వస్తే వాడి దగ్గరికే పంపుతా. డబ్బులు తీసుకోనంటాడు, నేనే బలవంతాన ఇస్తా" అని, కొంచెము సేపు ఊరకుండెను.

"మీకు బిల్లులు వ్రాయువారెవరు?" అని యడిగితిని.

"బయట ఒకాయనకి ఇస్తున్నాం. జీఎస్టీ లెక్క నెలనెలా ఆలస్యమే."

నా శిష్యుని సంగతి చెప్పితిని. పద్యములు చదువునని మాత్రము చెప్పలేదు.

"ఇక్కడ ఉంటాడా మాస్టారూ, నేర్చుకుని పోతాడా?"

"పోవచ్చునండి."

ఆయన నవ్వెను. "సోమవారం పంపండి. తెల్లచొక్కా వద్దని చెప్పండి, నూనె మరకలు పోవు."